ఒక ఆల్బమ్, 915 యూరోలు, ఐదు నెలలు

2025 జనవరి 14, సంక్రాంతి. సాయంత్రం నాలుగున్నరకు క్లాసు నుంచి ఇంటికి వచ్చేసరికి జర్మనీలోని ఆహెన్‌లో వాన, చలి, అప్పుడే చీకటి పడబోతోంది. ఒక చేతిలో ఫోను, అందులో అమ్మ అరిసెలు చూపిస్తోంది. రెండో చేత్తో కింద పోస్టు డబ్బా తాళం తిప్పాను. పిజ్జా కరపత్రాల కింద లావుపాటి తెల్ల కవరు ఒకటి ఉంది, నా పేరు మీదే.

"ఏంట్రా అంత పెద్ద కవరు?" అంది అమ్మ.

"బ్యాంకుదమ్మా" అన్నాను. మామూలుగా అమ్మతో అబద్ధం చెప్పను. ఆ రోజు నిజంగానే బ్యాంకుదనుకున్నాను.

పైకి వెళ్ళి చించితే ఎనిమిది పేజీలు. ఒక లాయర్ల ఆఫీసు నుంచి. పైన పెద్ద అక్షరాల్లో "అబ్‌మానుంగ్" అని ఉంది. నా జర్మన్ బీ1, అంటే మధ్యస్థాయి, దగ్గర ఆగిపోయింది కాబట్టి ఫోను కెమెరా పెట్టి చూశాను. "హెచ్చరిక" అంది. ఓస్ హెచ్చరికేగా, ఇంకోసారి చేయొద్దంటారు, అంతే అనుకుంటూ పేజీలు తిప్పాను. నాలుగో పేజీలో అంకె కనబడింది: 915 యూరోల 80 సెంట్లు. మన డబ్బుల్లో ఎనభై వేల పైమాటే.

ఆరోపణ ఏమిటంటే, 2024 నవంబర్ 9 రాత్రి 1 గంట 47 నిమిషాల 12 సెకన్లకు మా ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి ఒక అమెరికన్ పాప్ గాయని ఆల్బమ్‌ను టొరెంట్ ద్వారా, అంటే ఒకరి కంప్యూటర్ నుంచి ఇంకొకరి కంప్యూటర్‌కు ఫైళ్ళు పంచుకునే పద్ధతిలో, ఇతరులకు అందించారట. ఐపీ అడ్రస్, ఫైలు పేరు, ఆ ఫైలును గుర్తుపట్టే నలభై అక్షరాల హ్యాష్, వాడిన సాఫ్ట్‌వేర్ పేరు, కోర్టు ఉత్తర్వు నంబరు, అన్నీ ఉన్నాయి. ఆ ఉత్తర్వు చూపించి మా నెట్ కంపెనీ నుంచి నా పేరు, చిరునామా తీసుకున్నారు. జనవరి 24 లోపు "ఇకపై చేయను" అనే హామీపత్రం మీద సంతకం పెట్టి పంపాలి. ఫిబ్రవరి 3 లోపు డబ్బు కట్టాలి. అందులో 700 నష్టపరిహారం, మిగతాది వాళ్ళ లాయరు ఫీజు.

ముందు వచ్చిన ఆలోచన ఇది మోసం అని. రెండోది నేను ఆ గాయని పాట ఒక్కటి కూడా వినలేదని. మూడో ఆలోచన రావడానికి పది నిమిషాలు పట్టింది. ఇంట్లో నేనొక్కడినే లేను కదా.

మేం ముగ్గురం. నేను నరసరావుపేట. నా బ్యాచ్ వాడే గుంటూరు కుర్రాడు ఒకడు. మూడోవాడు అక్టోబర్‌లో దిగిన వరంగల్ తమ్ముడు, మాకంటే నాలుగేళ్ళు చిన్న. నెట్ కనెక్షన్ నా పేరు మీద, వైఫై పాస్‌వర్డ్ ఫ్రిజ్ మీద. క్యాలెండర్ తీసి చూస్తే నవంబర్ 9 తెల్లవారుజామున నేను గిడ్డంగిలో నైట్ షిఫ్ట్‌లో ఉన్నాను, పార్సెళ్ళ మీద స్టిక్కర్లు వేస్తూ. పే స్లిప్ కూడా ఉంది. ఒక్కసారిగా ప్రాణం తేలికైంది. వెంటనే అందుకు సిగ్గు కూడా వేసింది, ఎందుకంటే నేను కాకపోతే ఇంకెవరో ఇంట్లోవాళ్ళే.

రాత్రి వంట దగ్గర కవరు బల్ల మీద పెట్టాను. గుంటూరోడు చదివి నవ్వాడు. తమ్ముడు చదవలేదు. గాయని పేరు చూడగానే గరిటె పక్కన పెట్టేశాడు.

"నేనే పెట్టిన అన్నా. రాత్రి డౌన్‌లోడ్ పెట్టి పన్న. పొద్దుగాల సూస్తే అయిపోయింది. బంద్ చేసుడు మర్చిపోయిన."

వాడికి పాటలు మిక్స్ చేసే పిచ్చి. ఇక్కడి తెలుగు వాళ్ళ ఫంక్షన్లలో డీజే వాడే. నెలకు ఆరు యూరోలు కట్టి స్ట్రీమింగ్ యాప్ వాడుతున్నాడు కూడా. అంటే ఆ గాయనిని డబ్బులిచ్చి వింటున్నవాడే. కానీ యాప్‌లో పాటలు వినడానికే పనికొస్తాయి, మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకోవాలంటే ఫైళ్ళు కావాలి. వరంగల్‌లో ఎలా తెచ్చుకునేవాడో ఇక్కడా అలాగే తెచ్చుకున్నాడు. టొరెంట్‌లో దింపుకుంటున్నంతసేపూ, దింపుకున్నాక కూడా మన దగ్గరున్న ముక్కలు ఇంకొకళ్ళకు వెళ్తూనే ఉంటాయని వాడికి తెలియదా అంటే తెలుసు. అది తప్పని మాత్రం ఎప్పుడూ అనిపించలేదట. "మనమూ ఇచ్చుడే మర్యాద కదన్నా, ఒట్టిగ తీసుకుంటే బాగుండదు" అన్నాడు. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. నోటీసు వచ్చింది సరిగ్గా ఆ మర్యాదకే.

ఆ రాత్రి ఇక్కడి తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పేర్లు చెప్పకుండా అడిగాను. గంటలో నలభై జవాబులు. చించి పారేయి, ఎవరూ ఏమీ చేయలేరని సగం మంది. వీసా రెన్యువల్ పోతుంది, వెంటనే కట్టేయి అని మిగతా సగం. పాస్‌పోర్టు లాక్కుంటారని ఒకాయన. ఈ మూడూ తప్పేనని వారం తర్వాత తెలిసింది. ఆ వారం మాత్రం నిద్ర లేదు.

16వ తేదీ గురువారం యూనివర్సిటీ విద్యార్థి సంఘం ఆఫీసుకు వెళ్ళాను. అక్కడికి వారానికొకసారి లాయరు వస్తారు, విద్యార్థులకు సలహా ఉచితం. కానీ వచ్చేది మంగళవారం. 21వ తేదీకి ఇరవై నిమిషాల అపాయింట్‌మెంట్ ఇచ్చారు. గడువు 24. అంటే చేతిలో మూడు రోజులు మిగులుతాయి. "వాళ్ళకు ఫోన్ చేసి గడువు పెంచమని అడగనా?" అంటే, కౌంటర్‌లో అమ్మాయి రెండు చేతులూ అడ్డంగా ఊపింది. అస్సలు చేయొద్దంది. ఫోన్లో కంగారులో ఏదో ఒకటి వాగేస్తామట.

ఆ ఐదు రోజులూ నాకు వేరే ఆలోచన లేదు. వాడి పేరు చెప్పాలా, వద్దా?

ఒక మాట ఇక్కడే చెప్పేయాలి. తమ్ముడిని తిట్టే హక్కు నాకు పెద్దగా లేదు. 2013 ఎండాకాలం సెలవుల్లో మా ఊరి బస్టాండు దగ్గర సెల్ షాపులో పనిచేశాను. "పాటలు ఎక్కించబడును" అని అట్టముక్క మీద రాసింది నేనే. 2 జీబీ మెమరీ కార్డు నింపితే 30 రూపాయలు, కొత్త సినిమా పాటలైతే 40. రోజుకు పాతిక కార్డులు నింపేవాడిని. ఒకసారి హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి, మ్యూజిక్ కంపెనీల తరఫున లైసెన్సు తీసుకోవాలి, లేకపోతే కేసు అన్నాడు. మా ఓనరు ఆయనకు టీ తెప్పించి, సాయంత్రం రమ్మని పంపేశాడు. మళ్ళీ రాలేదు. మన చట్టంలోనూ అది నేరమేనని, ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు ఉందని నేను తెలుసుకున్నది ఇప్పుడే, ఈ కవరు వచ్చాక. అప్పట్లో మా దగ్గర కార్డు నింపించుకునేవాళ్ళలో పోలీసులు కూడా ఉండేవారు.

వాడు నింపింది తన లాప్‌టాప్ ఒక్కటే. నేను ఊరు ఊరంతా నింపాను, డబ్బులు తీసుకుని మరీ.

18వ తేదీ శనివారం మా బాబాయికి ఫోన్ చేశాను. ఆయన హైదరాబాద్‌లో వయొలిన్ వాయిస్తారు. పెళ్ళిళ్ళు, కచేరీలు, ఒకప్పుడు రికార్డింగులు. పాటలు తయారుచేసే మనిషి నాకు తెలిసిన వాళ్ళలో ఆయనొక్కరే. సంగతంతా విని పెద్దగా నవ్వారు.

"ఏరా అబ్బాయ్, నా పాట ఎవడైనా ఎత్తుకుపోతే నాకేం పోయిందిరా? సెషన్ అయిపోగానే కవర్లో డబ్బులు పెట్టి ఇచ్చేవాళ్ళు. అక్కడితో సరి. క్యాసెట్టు కోటి అమ్మినా నాకంతే, దొంగ క్యాసెట్టు కోటి అమ్మినా నాకంతే. నా పొట్ట కొట్టింది దొంగ క్యాసెట్టు కాదురా, కీబోర్డు. అందులో వయొలిన్ ఉందిగా!"

నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఆ డబ్బంతా కంపెనీలకేనన్న మాట అని నేననేలోపే ఆయన గొంతు మారింది.

"కానీ ఒకటి. 2004లో మేం నలుగురం కలిసి, చేతి డబ్బులు పెట్టుకుని భక్తి పాటల సీడీ ఒకటి చేశాం. ఐదొందల కాపీలు. మీ పిన్ని గాజు తాకట్టులో ఉంది అప్పుడు. నెల తిరక్కుండా కోఠీలో ఫుట్‌పాత్ మీద అదే సీడీ, మా ఫొటో జిరాక్స్ తీసి పెట్టి, ఇరవై రూపాయలకు అమ్ముతున్నారు. నేనొకటి కొనుక్కున్నాను. ఏం చేయాలో తోచక కొన్నాను. ఇంకా ఉంది ఇంట్లో."

తర్వాత కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. పిన్ని గాజు సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

21వ తేదీ. లాయరు అరవై దాటిన ఆవిడ, చాలా నెమ్మదిగా, నాకు అర్థమయ్యే జర్మన్‌లో మాట్లాడారు. కవరు కూడా పట్టుకెళ్ళడం మంచిదైంది, ముందు అదే అడిగారు. ఎవరెవరు ఉంటారు, పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు, ఆ రాత్రి మీరెక్కడున్నారు అని వరసగా అడిగి రాసుకున్నారు. గ్రూపులోని భయాలు అక్కడితో పోయాయి. ఇది డబ్బు తగాదా, క్రిమినల్ కేసు కాదు. దీనివల్ల పాస్‌పోర్టు ఎవరూ పట్టుకోరు. అలాగని చించి పారేస్తే, హామీపత్రం కోసం వాళ్ళు కోర్టుకు వెళ్ళి ఆర్డరు తెచ్చుకోవచ్చు, ఆ ఖర్చు మన నెత్తినే పడుతుంది. నష్టపరిహారం అడగడానికి వాళ్ళకు పదేళ్ళ దాకా టైము ఉంటుందట. అందుకే "ఇంకేం రాలేదు" అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

915 ఎక్కువ కాదా అని అడిగాను. ఆవిడ భుజాలు ఎగరేశారు. 2015 జూన్‌లో ఇక్కడి సుప్రీం కోర్టు ఒక కేసులో పాటకు 200 యూరోల చొప్పున పరిహారం సరైనదేనంది. ఆ లెక్కన పన్నెండు పాటల ఆల్బమ్‌కు 2,400. లాయర్ల ఫీజుకు మాత్రం 2013లో చట్టంతో కళ్ళెం వేశారు. అంతకుముందు ఈ ఉత్తరాలతోనే మనుషుల్ని పిండేసేవాళ్ళు అన్నారు.

"ఇందులో పాడినావిడకు ఎంత వెళ్తుంది?" అన్నాను.

"అది ఉత్తరంలో రాయరు" అని నవ్వారు.

ఆ తర్వాత ఆవిడ చెప్పిన ముక్క నాకు ఇప్పటికీ వింతే. మా తమ్ముడు ఆ సీడీ కొని, నాకొక కాపీ తీసి ఇచ్చి ఉంటే ఈ దేశంలో తప్పే కాదట. దగ్గరి వాళ్ళకు ఒకటో రెండో కాపీలు ఇచ్చుకోవచ్చు. పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్క్ కొన్నప్పుడు ధరలోనే అందుకోసం చిన్న రుసుము కలిపి ఉంటుంది, అది కళాకారుల సంఘాలకు వెళ్తుంది. నాకు అది చాలా బాగా నచ్చింది. మనిషి స్నేహితుడికి పాట ఇవ్వకుండా ఉండడని ముందే ఒప్పుకుని, దానికొక ధర పెట్టారు. ఆ మర్యాద ముక్కూమొహం తెలియని వాళ్ళకు చేస్తేనే 915.

చివరి ఐదు నిమిషాల్లో అసలు విషయానికొచ్చాం. కనెక్షన్ నాది కాబట్టి ముందు అనుమానం నా మీదే. చేసింది నేను కాదని, ఇంట్లో ఇంకా ఎవరెవరు నెట్ వాడతారో చెబితే సగం బయటపడతాను. పెద్దవాళ్ళైన రూమ్మేట్లకు "టొరెంట్ వాడకండి" అని నేను ముందే పాఠం చెప్పి ఉండాల్సిన పని లేదని 2016లో తీర్పు ఉంది. కానీ ఎవరు చేశారో నాకు తెలిసీ కోర్టులో దాస్తే, నేనే కట్టుకోవాలి. సొంత పిల్లలు చేశారని తెలిసీ పేరు చెప్పని తల్లిదండ్రులు కూడా 2017లో ఓడిపోయారట.

"మీకు తెలుసా?" అని అడిగారు. నేను బల్ల వైపు చూశాను. ఆవిడ పెన్ను మూత పెట్టేశారు. "ఇంటికెళ్ళి మాట్లాడుకోండి. రేపు నాకు చెప్పండి."

ఇంటికి వచ్చి ఏం చెప్పాలో రిహార్సల్ చేసుకుంటున్నాను. నిజం చెప్పాలంటే మొత్తం నేనే కట్టేద్దామని అప్పటికి సగం తేల్చుకున్నాను. పెద్దరికం చూపించాలని కాదు, ఆ సెల్ షాపు మనసులో మెదులుతోంది. గంటకు 12 యూరోల 82 సెంట్లకు గిడ్డంగిలో డెబ్భై ఒక్క గంటలు. వాడికైతే బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే ఖాతా) నుంచి నెలకు వచ్చేది 992, అందులోనే అద్దె, తిండి, ఇన్సూరెన్స్. వాళ్ళ నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి పంపించాడు.

వాడు నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. "నా పేరే రాయి అన్నా. నువ్వు కడితే నేను ఈ ఇంట్ల ఉండలేను" అన్నాడు. గుంటూరోడు మాత్రం ఒప్పుకోలేదు. పేరు ఎందుకివ్వాలి, ముగ్గురం నోరు మూసుకుంటే వాళ్ళేం నిరూపిస్తారు, అది దోపిడీ ఉత్తరం కదా అన్నాడు. వాడి మాటలో తప్పేముందో నేను చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేను. రాత్రి రెండింటి దాకా వాదన నడిచింది. ఆఖరికి పేరు తమ్ముడిది, తేల్చాల్సిందీ వాడే కాబట్టి వాడు చెప్పినట్టే చేశాం.

సంఘం లాయరుగారు సలహా వరకే. ఉత్తరాలు రాయడానికి ఆవిడ ఇంకో లాయరును చెప్పారు. ఆయన ఫీజు 150, పన్నుతో కలిపి 178 యూరోల 50 సెంట్లు. వాళ్ళు పంపిన హామీపత్రం మీద సంతకం పెట్టొద్దన్నారు. అందులో తప్పు ఒప్పుకుంటున్నాం, డబ్బు కడతాం అనే మాటలు కూడా దూర్చి ఉన్నాయి. వాటిని తీసేసి, "బాధ్యత ఒప్పుకోకుండానే, కానీ చట్టబద్ధంగా కట్టుబడి" అనే వాక్యంతో కొత్తది రాశారు. తమ్ముడు సంతకం పెట్టాడు. దాన్ని దాటితే మళ్ళీ జరిమానా. ఆ మాట ఎన్నేళ్ళు ఉంటుందని వాడు అడిగితే లాయరు "మీరున్నన్నాళ్ళూ" అన్నారు. ఇరవై మూడేళ్ళ కుర్రాడు, పెన్ను పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు.

23వ తేదీన అది రిజిస్టర్డ్ పోస్టులో ఒకసారి, ఫ్యాక్స్‌లో ఒకసారి వెళ్ళింది. అవును, ఫ్యాక్స్. టొరెంట్‌ను సెకన్లతో సహా పట్టుకున్న దేశంలో గడువు కాపాడింది ఫ్యాక్స్ రసీదు.

తర్వాతంతా బేరం. మా లాయరు 350 అన్నారు. ఇరవై రోజులు నిశ్శబ్దం. ఫిబ్రవరి 12న జవాబు: 650. మళ్ళీ ఉత్తరం. మార్చి 3న 480కి, నాలుగు వాయిదాల్లో, ఇద్దరి మీదా ఇక ఏ క్లెయిమ్ లేదన్న షరతుతో ఒప్పుకున్నారు. చెబితే ఇంతే, కానీ ఆ ఆరు వారాలూ పోస్టు డబ్బా మూత చప్పుడైతే చాలు తమ్ముడు మెట్లు దిగి పరిగెత్తేవాడు. ఒకే రాత్రి ఇంకో రెండు ఆల్బమ్‌లు కూడా దింపానని ఫిబ్రవరి మధ్యలో ఒప్పుకున్నాడు. వాటికి వేరే కంపెనీలు, వేరే లాయర్లు. ఆ కవర్లు ఇంతవరకు రాలేదు.

లాయరు ఫీజు నేను కట్టాను. 480 వాడిది. వారాంతాల్లో రెస్టారెంట్‌లో గిన్నెలు కడిగి కట్టాడు, రెండో వాయిదాకు మాత్రం నా దగ్గర వంద తీసుకుని జూన్‌లో తిరిగిచ్చాడు. ఇంట్లో వాళ్ళకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అమ్మ దృష్టిలో అది ఇప్పటికీ బ్యాంకు కవరే.

మార్చి 30న ఉగాది. ఫంక్షన్‌లో డీజే మళ్ళీ వాడే. ఈసారి పాటకు 1 యూరో 29 సెంట్ల చొప్పున కొన్నాడు, ఫంక్షన్ చేసే తెలుగు వాళ్ళ దగ్గర ముప్ఫై యూరోలు బడ్జెట్ అడిగి మరీ. వాళ్ళు ముందు ఆశ్చర్యపోయారు. పాటలకు డబ్బులేంటి తమ్ముడూ అన్నారు. ముప్ఫైకి వచ్చేది ఇరవై మూడు పాటలు కాబట్టి, చివరి గంట వేసినవే వేశాడు. జనం పట్టించుకోలేదు.

ఆ వారమే బాబాయిని ఆయన భక్తి పాటలు ఫోన్‌లో పంపమన్నాను. సీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటర్ ఎవరింట్లోనూ లేదురా అన్నారు. ఊరెళ్ళినప్పుడు తెచ్చుకోవాలి. ఆయన దగ్గరున్నది ఆ కోఠీ కాపీ ఒక్కటేనట.

చివరి వాయిదా జూన్ 16న వెళ్ళింది. ఆ తర్వాత వారానికి డబ్బాలో ఇంకో కవరు, మళ్ళీ నా పేరు మీదే. పలచగానే ఉంది, అయినా తమ్ముడిని పిలిచి వాడి ఎదురుగానే చించాను. రేడియో, టీవీ రుసుము. ఇంటికి ఒకటి చొప్పున ఈ దేశంలో దాదాపు అందరూ కట్టాల్సిందే, అప్పుడు మూడు నెలలకు 55 యూరోల 8 సెంట్లు. మా ఇంట్లో రేడియో లేదు, టీవీ లేదు.

"మనం ఏం దింపలేదు కదన్నా?" అన్నాడు వాడు.

ముగ్గురం పంచుకుని ఆ రోజే కట్టేశాం.